చెప్పింది చెప్పినట్టు

పిచ్చుక పోయి పంతొమ్మిది రోజులైంది. మందు సీసాలు కడిగే యంత్రం అడుగున చేరిన గాజుపెంకులు తీయడానికి ఆమె లోపలికి దూరిన సంగతీ, యంత్రం తిరిగి కదిలే ముందు సైరన్ మోగిన సంగతీ, ఆ సైరన్ ఆమెకు వినపడని సంగతీ ఇప్పటికి అందరికీ తెలుసు. కడిగే సెక్షనులో పనిచేసే ఆరుగురు ఆడవాళ్ళలో ముగ్గురికి చెవులు వినపడవు. ఆ హోరు వాళ్ళను బాధించదు కదా అని కంపెనీ ఏరికోరి వాళ్ళనే అక్కడ పెట్టుకుంది. పిచ్చుక పక్కనే నిలబడి ఆరేళ్ళు పనిచేసిన చెల్లెలు ఈ కేసులో మొదటి సాక్షి. ప్రభుత్వం పంపాల్సిన దుబాసీ సెలవులో ఉండటంతో, చెల్లెలి సైగలను గొంతుతో చెప్పే పని అక్క మీద పడింది. అక్క భర్త అదే కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు. సోమవారం పదకొండు గంటలకు విచారణ అని నోటీసు చేతికందిన దగ్గర పోయిన వారం ఆగాం.

ఆ సోమవారం పొద్దున్న భర్త బూట్లకు పాలిష్ పెట్టుకుంటూ, తల ఎత్తకుండానే మాట మొదలుపెట్టాడు.

"నువ్వేం అబద్ధం చెప్పక్కర్లేదు. మీ చెల్లెలు పది మాటలంటే అందులో పనికొచ్చే నాలుగు చెప్పు, చాలు. దానికి కోపమెక్కువని నీకు తెలుసు. ఆ కోపమంతా కాగితం మీదకెక్కితే రేపు ముందు పోయేది దాని ఉద్యోగమే."

"అలాగేలెండి," అంది అక్క.

ఆయన చెడ్డవాడు కాడు. మరదలికి టైఫాయిడ్ వచ్చినప్పుడు సెలవు పెట్టి ఆస్పత్రి బెంచీ మీద కూర్చున్నవాడు. కాని పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా ఆయన నేర్చుకున్న సైగలు రెండే. అన్నం, టీ. మిగతావాటికి అక్క ఉంది కదా అన్నది ఆయన లెక్క. ఆ లెక్క ఇన్నేళ్ళూ అక్కకి కూడా సబబుగానే తోచింది.

అక్క బస్టాండులో అనౌన్సర్. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో పదహారేళ్ళుగా ఆమె గొంతే చెబుతోంది. ఆ గొంతు విని మనిషిని గుర్తుపట్టి నవ్వేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. ఇంట్లో ఆ గొంతు ఇద్దరికి పనిచేసింది. చెల్లెలు చేతులతో అనేది, అక్క నోటితో అనేది. డాక్టరు దగ్గర, పోస్టాఫీసులో, ఇంటి ఓనరుతో. చెల్లెలు ఘాటుగా అన్నదాన్ని మెత్తగా చేసేది. ఎక్కువ అడిగితే తగ్గించేది. అవతలివాళ్ళ మొహం చిట్లే లోపల ఆ మాటకి ఇంకో చొక్కా తొడిగి పంపేది. దాన్ని ఆమె ప్రేమ అనుకుంది. అందులో ప్రేమ లేదని కూడా అనలేం.

భర్త ముందుగా వెళ్ళిపోయాక చెల్లెలు తన గదిలోంచి వచ్చింది. నీలంరంగు యూనిఫాం వేసుకుంది. పంతొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి. వచ్చి అక్కకి ఎదురుగా, చేతులు స్పష్టంగా కనపడేంత దూరంలో నిలబడింది.

"ఈరోజు నేను అన్నదే చెప్పాలి," అంది చేతులతో.

"ఎప్పుడూ చెప్పేది అదేగా."

"కాదు."

అక్క హ్యాండ్‌బ్యాగులో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకుంది. చెల్లెలు ఆమె గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. కోపంగా కాదు. తలదించుకున్న మనిషితో మాట్లాడటం చెల్లెలికి కుదరదు, అంతే.

"ఉద్యోగంలో చేరేటప్పుడు మేనేజరు నన్ను అడిగాడు, యంత్రాల దగ్గర పనిచేస్తావా అని. నేనేమన్నానో గుర్తుందా?"

అక్కకి గుర్తుంది. గుర్తులేనట్టు చూసింది.

"ఏదైనా ప్రమాదం వస్తే నాకెలా తెలుస్తుంది అని అడిగాను. నువ్వు ఆయనతో, ఏ పనైనా చేస్తానంటోంది సార్ అన్నావు. ఆయన నవ్వి సంతకం పెట్టాడు." చెల్లెలి చేతులు ఒక్క క్షణం గాలిలో ఆగాయి. "లోకంలో అందరి పెదవులకన్నా నీ పెదవులే నాకు బాగా తెలుసక్కా. చిన్నప్పటినుంచీ వాటినే చూస్తున్నాను. నువ్వు ఎప్పుడెప్పుడు ఏం మార్చావో అన్నీ తెలుసు. నా ఉద్యోగం, నా జ్వరం, నా తిండి, అక్కడిదాకా పోనీలే అనుకున్నాను. ఈరోజు చెప్పేది నా మాట ఒక్కటే కాదు. ఆమెది కూడా."

'ఆమె' అన్న చోట చెల్లెలు చూపుడువేలునీ బొటనవేలునీ పిట్టముక్కులా కలిపింది. పిచ్చుకకి ఆ పేరు పెట్టింది చెల్లెలే. ఆమె మెడ ఎప్పుడూ అటూ ఇటూ తిరుగుతూ ఉండేది. వినపడేవాళ్ళ మొహాలు చూసుకుంటే తప్ప వెనక ఏం జరుగుతోందో తెలియదు కదా, అందుకని.

"సరే," అంది అక్క. "చెప్పింది చెప్పినట్టే చెబుతాను."

మాట ఇచ్చిందిగాని, ఇచ్చేటప్పుడు ఆమెకి ఒక కాగితం సంగతి గుర్తొచ్చింది. గుర్తొచ్చిన వెంటనే గ్యాస్ కట్టేశామా లేదా అని వంటింట్లోకి వెళ్ళింది. అది ఎప్పుడో కట్టేసే ఉంది.

* * *

విచారణ కంపెనీ పై అంతస్తులో, కొత్తగా చేరినవాళ్ళకి పాఠాలు చెప్పే హాల్లో. వరండాలో బెంచీ మీద పిచ్చుక తల్లి కూర్చుని ఉంది. ఇస్త్రీ మడత విప్పని చీర, ఒళ్ళో రెండు చేతులూ. కింద సీసాల సెక్షను నడుస్తూనే ఉంది. నేల సన్నగా అదురుతోంది. ఆ అదురు పాదాలకి తగలగానే చెల్లెలు గోడ పట్టుకుని ఒక నిమిషం ఆగింది. యంత్రం మళ్ళీ తిరుగుతోందని ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

పిచ్చుక తల్లి లేచి అక్క చెయ్యి పట్టుకుంది.

"నిన్ను ఒకటి అడగాలని చూస్తున్నానమ్మా. లోపలికి వెళితే అన్నీ వాళ్ళడిగేవే ఉంటాయి. ఆరోజు పొద్దున్న మా పిల్ల ఆఖరున ఏమందో మీ చెల్లెల్ని అడుగుతావా? ఇంట్లో మేం నాలుగు సైగలతోనే గడిపేశాం. దాని మాటలన్నీ మీ చెల్లెలి దగ్గరే ఉన్నాయి."

అక్క అడిగింది. చెల్లెలు కాస్త ఆలోచించి చెప్పింది. ఆ చెప్పింది చూసి అక్కకి గుండె చివుక్కుమంది. ఇది ఒక తల్లితో చెప్పే మాటేనా? పాతికేళ్ళ అలవాటు ఆమెకన్నా ముందే నోరు తెరిచింది.

"మిమ్మల్నే తలుచుకుంది పిన్నీ. మా అమ్మ నాకోసం..."

చెల్లెలు ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. పెదవులు చదివేసింది. తల అడ్డంగా ఊపి, మళ్ళీ మొదటినుంచీ, నెమ్మదిగా చేసి చూపించింది.

అక్క మొహం ఎర్రబడింది. "కాదు పిన్నీ. తప్పు చెప్పాను. తను అన్నది ఏమిటంటే..." గొంతు సవరించుకుంది. "ఈ కొత్త బూట్లు కరుస్తున్నాయి. అన్నం టైముకి విప్పి పారేస్తాను, సూపర్‌వైజరు చూస్తే చూడనీ, అందట. అని ఆయన మీసం దువ్వుకున్నట్టు చేసి నవ్విందట. అంతే."

పిచ్చుక తల్లి పెదవి ఒక పక్కకి వంగింది, నవ్వో ఏడుపో తెలియకుండా.

"నేనే కొన్నానమ్మా ఆ బూట్లు. ఒక సైజు పెద్దవి కావాలంది. వదులైతే యంత్రం దగ్గర జారతావే అని నేనే వద్దన్నాను." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అచ్చం దాని మాటే. ఇంటికి రావడంతోనే ఒకటి ఆ మూలకి, ఒకటి ఈ మూలకి విసిరేసేది. నువ్వు ముందు చెప్పావు చూడు, నన్ను తలుచుకుందని, అది నాతో చాలామంది చెప్పారు. అది ఎవరి పిల్ల గురించైనా చెప్పొచ్చు. ఇది నా పిల్ల."

ఆమె చెల్లెలి వైపు తిరిగి రెండు చేతులూ పట్టుకుని నుదుటికి ఆనించుకుంది. అక్క పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయింది. తన నోటికి వచ్చిన ఆ తియ్యటి మాట వీళ్ళిద్దరి నుంచీ ఏం లాగేసుకోబోయిందో తలుచుకుంటే ఆమెకి భయం వేసింది. ఇలా ఇంకెంత లాగేసుకుని ఉంటుంది ఇన్నేళ్ళలో? ఎవరి మాటలు ఎవరికి అందకుండా పోయాయో?

* * *

హాల్లో పొడుగు బల్ల. దాని ఒక కొసన విచారణాధికారిణి. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు తాడుకి వేలాడుతోంది. ఆమె పక్కన టైపు చేసుకునే గుమాస్తా. కుడివైపు కంపెనీ వకీలు, మేనేజరు, మేనేజరు పక్కన అక్క భర్త. ఎడమవైపు పిచ్చుక తల్లి, కడిగే సెక్షను నుంచి వినపడే కార్మికురాలు ఒకామె. అక్కనీ చెల్లెల్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు.

"సాక్షికి మీరేమవుతారు?" అని అడిగింది అధికారిణి.

"అక్కని."

"సరే. మీ పని ఒకటే. ఆమె చెప్పింది చెప్పినట్టు మాకు చెప్పాలి. కలపకూడదు, తీసేయకూడదు. ఆమె నేను అంటే మీరూ నేను అనాలి. ఆమె అంటోంది, చెబుతోంది, ఇలా వద్దు. మీరు ఆమె గొంతు, అంతే. ఒప్పుకుంటే ప్రమాణం చదవండి."

అక్క చదివింది. మైకు ముందు పదహారేళ్ళు నిలబడ్డ గొంతు. ఎక్కడా తొణకలేదు. భర్త కనిపించీ కనిపించనట్టు తల పంకించాడు.

మొదటి గంట ప్రమాదం గురించే నడిచింది. యంత్రం ఆగడం, రేకు తలుపు తీయడం, పిచ్చుక లోపలికి దూరడం. "నేను బెల్టు అటు కొసన ఉన్నాను," అంది అక్క, చెల్లెలి చేతుల మీద నుంచి చూపు తిప్పకుండా. "నాకు సైరన్ వినపడలేదు. వినపడేవాళ్ళు ముగ్గురూ ఒకేసారి వెనక్కి అడుగు వేయడం చూశాను. వాళ్ళు వెనక్కి వేస్తేనే మాకు తెలుస్తుంది. ఆమె లోపల ఉంది, ఆమెకి వాళ్ళు కనపడరు. నేను పరిగెత్తాను. సైరన్ మోగిన పది సెకన్లకి యంత్రం కదులుతుంది. పది సెకన్లలో ఆ కొస నుంచి ఈ కొసకి రావడం కుదరదు. తర్వాత కొలిచి చూశాను. పద్నాలుగు సెకన్లు పడుతుంది."

చెల్లెలు అలా కొలిచిందని అక్కకి అప్పటిదాకా తెలియదు. ఎప్పుడు కొలిచింది? ఎన్నిసార్లు పరిగెత్తింది? అడగడానికి వీల్లేదు. ఆమె ఇప్పుడు గొంతు మాత్రమే.

వకీలు లేచాడు. మంచి మర్యాదగల మనిషి.

"జరిగినదానికి కంపెనీ ఎంతో విచారిస్తోంది. సైరన్ నిబంధన ప్రకారం మోగిందని సాక్షే పరోక్షంగా ఒప్పుకున్నారు. మేం చెప్పేది ఒకటే. వినపడనివాళ్ళకి ఆ సైరన్ చాలదు, వేరే ఏర్పాటు కావాలి అని కార్మికుల్లో ఏ ఒక్కరూ ఏనాడూ మా దృష్టికి తేలేదు. తెస్తే చేసేవాళ్ళం. ఇప్పుడైనా మిగిలిన ఇద్దరినీ వాళ్ళ క్షేమం కోసమే ఆ సెక్షను నుంచి తప్పించాలనుకుంటున్నాం."

"ఎక్కడికి మారుస్తారు?" అంది అధికారిణి.

"ప్రస్తుతానికి ఖాళీలు లేవండి."

అక్క అదంతా చేతులతో చెల్లెలికి చెప్పింది. చెల్లెలు చివరిదాకా చూసింది. అధికారిణి వైపు తిరిగి, చిన్నపిల్లలకి చెప్పినట్టు, ఒక్కొక్క సైగా విడదీసి చేసింది.

"అడిగాం," అంది అక్క. "యంత్రం నాలుగు వైపులా, లోపల కూడా ఎర్రదీపాలు పెట్టమని అడిగాం. సైరన్‌తోపాటు అవీ వెలగాలని. ముగ్గురం కూర్చుని రాశాం, ముగ్గురం సంతకాలు పెట్టాం. ప్రమాదానికి రెండు నెలల ముందు."

"ఆ కాగితం ఎవరికిచ్చారు?" అని అడిగింది అధికారిణి.

చెల్లెలి చేతులు కదిలాయి. చిన్న వాక్యం. మూడు సైగలు.

అక్క నోరు తెరిచింది.

ఆఫీసులో ఇచ్చాం అంటే సరిపోతుంది. ఇచ్చాం, ఎవరికో గుర్తులేదు అన్నా సరిపోతుంది. ఈ గదిలో ఆ మూడు సైగలూ చదవగలిగినవాళ్ళు ఇద్దరే, తనూ తన చెల్లెలూ. చెల్లెలు పెదవులు చదివి అబద్ధమని పట్టుకున్నా, ఆ సంగతి వీళ్ళకి చెప్పాలంటే మళ్ళీ తన గొంతే కావాలి. ఎవరిచ్చారు తనకి ఈ అధికారం? సంపాదించుకున్నది కాదు, చదివి తెచ్చుకున్నది కాదు. చెవులతో పుట్టింది, అంతే. పుట్టిన దగ్గర్నుంచీ అది చేతిలో ఉంది కాబట్టి అది ఉన్నట్టే తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. బల్లకి అవతల చెల్లెలు తన పెదవుల వంక చూస్తూ కూర్చుంది. ఆమె చెయ్యగలిగింది అదొక్కటే.

భర్త దగ్గాడు.

"దాన్ని," అంది అక్క. ప్లాట్‌ఫారం చివరి మనిషికి కూడా వినపడేలా చెప్పే గొంతు ఆమెది. అదే గొంతుతో చెప్పింది. "దాన్ని మా అక్క చేతికిచ్చాను."

గుమాస్తా టైపు చేయడం ఆపాడు. అధికారిణి కళ్ళజోడు పెట్టుకుంది.

"ఆ అక్క మీరేనా?"

"నేనేనండి."

"దుబాసీగా కాకుండా, మీరుగా చెప్పండి. ఆ కాగితం ఏం చేశారు?"

వకీలు లేచి ఇది పద్ధతి కాదన్నాడు. అధికారిణి వినిపించుకోలేదు. అక్క ముందు ఆ ప్రశ్నను చెల్లెలికి చేతులతో చెప్పింది. తర్వాత జవాబు రెండు విధాలా, నోటితోనూ చేతులతోనూ, ఆగి ఆగి చెప్పుకుంటూ పోయింది.

"నా చెల్లెలు రాసినదాంట్లో తప్పులు దిద్దుతానని తీసుకున్నాను. దిద్దడానికేమీ లేదు. మర్నాడు మా ఆయన టీ తాగుతుంటే ఇచ్చాను. ఆయన చదివి, ప్రమోషన్ల లిస్టు రాబోతోంది, ఈ టైములో ఇది నా చేతిమీదుగా పైకి వెళితే బాగుండదన్నారు. నేను సరే అన్నాను. చెల్లెలితో, ఇచ్చాను, చూస్తున్నారు అని చెప్పాను. ఆ రెండు మూడు రోజుల్లోనే అది రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అదే చెప్పాను." ఒక్క క్షణం ఆగింది. "పిచ్చుక కూడా ఒకసారి ఇంటికొచ్చి అడిగింది. చూస్తున్నారనే చెప్పాను."

పిచ్చుక తల్లి తల తిప్పి అక్క వంక చూసింది. ఆ చూపులో కోపం ఉంటే భరించడం తేలికయ్యేది. కాసేపటి కిందట పట్టుకున్న చెయ్యి ఈ చెయ్యేనా అన్నట్టు చూసింది, అంతే.

"మీవారు ఏం చేస్తారు?" అంది అధికారిణి.

"ఆయన అక్కడే కూర్చున్నారండి. సేఫ్టీ ఆఫీసరు."

కింద నుంచి సీసాలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు వస్తోంది. భర్త నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. ఆయన గొంతులో విసుగు లేదు, జాలి ఉంది.

"మేడమ్, నాకు అలాంటి కాగితం ఏదీ అందలేదు. మా ఆవిడ పంతొమ్మిది రోజులుగా నిద్రపోవడం లేదు. ఆ అమ్మాయి పోయిన దగ్గర్నుంచీ అంతా తన తప్పే అనుకుంటోంది. ఆవిడ ఉద్దేశం ఏమిటంటే, ఇస్తే బాగుండేదని. ఇచ్చానని కాదు."

అక్క ఆయన వంక నిశ్చేష్టురాలై చూసింది. తను చెప్పిన మాట ఇంకా గాలిలో ఉండగానే, ఇంకొకళ్ళు లేచి, ఆమె అన్నది అది కాదు ఇది అని నింపాదిగా మార్చేశారు. ప్రేమగానే మార్చారు. గదిలో సగంమంది తలలూపారు కూడా. తను ఇంకేదో అనబోయింది. ఏమన్నా అది నిద్రలేని ఆడదాని మాట కిందే పోతుందని ఆమెకి తెలిసిపోయింది. ఇన్నేళ్ళూ చెల్లెలు ఇక్కడే కూర్చుని ఉందన్నమాట.

అయినా ఆయన మాటల్ని ఒక్కటి కూడా వదలకుండా చెల్లెలికి చేతులతో చెప్పింది. ఆవిడ ఉద్దేశం ఏమిటంటే అన్నదాన్ని కూడా.

చెల్లెలు బల్ల మీద అరచేత్తో రెండుసార్లు కొట్టింది. అందరూ అటు చూశారు. ఆమె సంచీలోంచి చిన్న రాత పుస్తకం ఒకటి తీసి, ఒక పేజీ దగ్గర వేలు పెట్టి తెరిచి, అధికారిణి ముందు ఉంచింది. అక్క తనూ చూడబోయింది. చెల్లెలి చేతులు కదలడంతో మళ్ళీ వాటి వైపు తిరగాల్సి వచ్చింది.

"మా బావకి సైగలు రావు," అంది అక్క, చెల్లెలి గొంతుగా. "నాతో మాట్లాడాలంటే రాస్తాడు. తొమ్మిదేళ్ళలో ఇలాంటి పుస్తకాలు పదకొండు నిండాయి. ఒక్కటీ పారేయలేదు. ఇంట్లో నాతో మాట్లాడిన మాటలని నా దగ్గర ఉన్నవి ఇవే. ఇది అక్కకి కాగితం ఇచ్చిన నాలుగు రోజులకి రాసింది. అప్పుడు అక్క డ్యూటీలో ఉంది."

భర్త కూర్చున్నాడు. కూర్చునేటప్పుడు కుర్చీ ఎక్కడుందో వెనక చేత్తో తడుముకున్నాడు.

అధికారిణి ఆ పేజీ రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తీసి అక్క వంక చూసింది. ఆ చూపు ఇందాకటి చూపు కాదు.

"రికార్డు కోసం దీన్ని పైకి చదవాలి. మీకు ఇబ్బందైతే ఇంకెవరిచేతైనా చదివిస్తాను."

"నేనే చదువుతానండి," అంది అక్క.

పుస్తకం చేతికొచ్చింది. ఆయన చేతిరాత, గుండ్రంగా, పొందిగ్గా. పెళ్ళికి ముందు తనకి రాసిన ఉత్తరాల్లో ఉన్నదే.

"దీపాల కాగితం చూశాను. ఇప్పుడు దాన్ని పైకి పంపితే, వినపడనివాళ్ళు ఆ పనికి పనికిరారని మిమ్మల్ని ముగ్గురినీ తీసేస్తారు. అన్నిటికన్నా ముందు నీ స్నేహితురాలి ఉద్యోగం పోతుంది, ఆమె చేరి ఆరేళ్ళే అయింది. అందుకని ఆ మాట ఇక ఎత్తకండి. ఆమెకి కూడా నచ్చజెప్పు."

అక్కడ ఆగింది. కింద ఇంకా రెండు పంక్తులు ఉన్నాయి. వాటిని ముందు కళ్ళతోనే చదివింది. ఇక్కడితో అయిపోయిందని పుస్తకం మూసేయొచ్చు. అధికారిణి చదివేసిందిగాని, మిగతావాళ్ళకి తెలియదు. గుమాస్తా వేళ్ళు టైపు మీటల మీద ఆగి ఎదురుచూస్తున్నాయి.

"మీ అక్క కూడా ఇదే అంటోంది," అని చదివింది అక్క. "నీతో చెప్పలేక నన్ను చెప్పమంది."

గుమాస్తా ఆ రెండు వాక్యాలూ కొట్టాడు. చెల్లెలు రెండున్నర నెలలుగా ఈ రెండు పంక్తులు సంచీలో పెట్టుకుని తిరుగుతోంది. వాటితోనే పొద్దున్నే లేచి అక్క చేత జడ వేయించుకుంది. వాటితోనే పక్కపక్కన కూర్చుని అన్నం తింది. పిచ్చుకకి నచ్చజెప్పింది కూడా వీటిని నమ్మే కాబోలు. బావ మాటైతే చెల్లెలు లెక్కచేసేది కాదు. అక్క మాట కాబట్టి ఆగింది.

"ఇది నిజమేనా?" అధికారిణి గొంతు మెత్తగానే ఉంది. "మీరు ఆయన్ని అలా చెప్పమన్నారా?"

ఆ మాట తను అనలేదు. లేదు అని ఒక్క ముక్క చాలు, అది నిజం కూడా. కాని ఆ నాలుగు రోజుల్లో ఒక సాయంత్రం బాల్కనీలో బట్టలు ఆరేస్తూ తను ఆయనతో ఇంకో మాట అంది. అప్పుడు అది పెద్ద మాటలా అనిపించలేదు. ఆ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, తనకి తను కూడా చెప్పుకోలేదు.

ఏ జవాబూ చెప్పకుండా ఆమె ముందు తన పని చేసింది. ప్రశ్నను చెల్లెలికి చేతులతో చెప్పింది. ఇది నిజమేనా, మీరు ఆయన్ని అలా చెప్పమన్నారా.

చెల్లెలి కళ్ళు అక్క పెదవుల మీద లేవు. కళ్ళలోకి చూస్తోంది.

"అదే నేనూ అడగాలనుకుంటున్నాను," అన్నాయి ఆమె చేతులు. "అడిగితే నువ్వు అవునంటావేమోనని అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ముందు నాకు చెప్పు. వాళ్ళకి తర్వాత చెప్పొచ్చు."

అక్క పుస్తకం బల్ల మీద పెట్టింది. పెదవులు బిగించుకుంది. చేతులు పైకెత్తింది.

చాలాసేపు చెప్పింది. చెప్పేటప్పుడు ఒకసారి ఆమె వేళ్ళు తడబడితే, ఆగి, ఆ సైగని మళ్ళీ సరిగ్గా చేసింది. మేనేజరు వకీలు వైపు వంగాడు. వకీలు లేచి, "మేడమ్, మాకు తెలిసే భాషలో చెప్పమనండి," అన్నాడు. అధికారిణి అతని వైపు చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టింది. వినపడే ఏడుగురు, ఒక్క ముక్క అర్థం కాకుండా, ఆ రెండు చేతుల వంక చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది.

అక్క చేతులు ఒళ్ళోకి దిగాయి. చెల్లెలు కుర్చీ వెనక్కి తోసి లేచి నిలబడింది. ఆమె మొహంలో రక్తం లేదు.

"ఏం చెప్పారు?" అని అడిగింది అధికారిణి.

ఇద్దరిలో ఒక్కరూ ఆమె వైపు తిరగలేదు.